పాత డబ్బకు కొత్త డిస్కులు

మొన్న ఎండకాలం ఒకరోజు పొద్దుగాల బాపు లేపిండు. "ఒరేయ్, సజ్జ మీద నీ డబ్బ పల్లికాయలు కొరికినట్టు సప్పుడు చేస్తాంది, జర సూడు పో" అని. స్టూలెక్కి చెవి పెడితే నిజమే, టక్ టక్ టక్, ఆగుడు, మళ్ళ టక్ టక్ టక్. ఒక్కసారి హార్డ్ డిస్క్ పోయిన బాధ పడ్డోనికి ఆ సప్పుడు వింటే కాళ్ళల్ల బలం ఉండదు.

డబ్బ అంటే మా ఇంటి సర్వర్. హన్మకొండల మేముండే ఇంట్ల సజ్జ మీద కూసుంటది, 2011ల కొన్న డెస్క్‌టాప్, రెండో జనరేషన్ ఇంటెల్ ఐ5 ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్, లైనక్స్ ఎక్కించి ఫైళ్ళు దాసుకునేటందుకు వాడుతున్న. ఇంటోళ్ళ ఫోటోలు, బాపు భూమి కాయితాల స్కానింగులు ఉంటయి గాని సగానికి ఎక్కువ మా బావ పెళ్ళి వీడియోలే. ఆయన పెళ్ళి కాదు, ఆయన తీసే పెళ్ళిళ్ళు, నర్సంపేటల స్టూడియో ఉంది, రెండు కెమెరాలు ఒక డ్రోను పెట్టిండంటే ఒక్కో పెళ్ళికి 400 జీబీ దాక వస్తది. ఫోన్ చేసి సంగతి చెప్తే "బామ్మర్దీ, సుట్టు తిప్పకుండ చెప్పు, ఉన్నయా పోయినయా" అన్నడు. ఉన్నయి బావా, ఒక్కో ఫైలు రెండు డిస్కులల్ల రాసేటట్టు మిర్రర్ పెట్టిన అన్న. రెండోది కూడా అదే రోజు అదే దుకాణంల కొన్నదని, దానికీ అంతే వయసని మాత్రం చెప్పలే.

డిస్కు తన ఆరోగ్యం తనే రాసుకునే స్మార్ట్ రిపోర్ట్ తీసి చూసిన. సప్పుడు చేసేదాంట్ల 197 నంబరు, అంటే చదవరాకుండ పెండింగుల పడ్డ సెక్టార్లు (డిస్కు మీద డేటా రాసే చిన్న చిన్న గదులు), పొద్దున 8 ఉంటే సాయంత్రానికి 56. గూగుల్ ఇంజనీర్లు 2007ల వాళ్ళ డిస్కుల మీద ఒక పరిశోధన పేపర్ వేసిన్రు, మొదటి స్కాన్ ఎర్రర్ వచ్చిన డిస్కు 60 రోజులల్ల పోయే అవకాశం ఎర్రర్ లేనిదానికంటే 39 రెట్లు ఎక్కువని తేలింది. కాబట్టి ఇగ ఆలోచించే పని లేదు, తీసుడే. రెండోదాంట్ల 199 నంబరు, అంటే డేటా అటూ ఇటూ పోయేటప్పుడు వచ్చిన తప్పుల లెక్క, పెరుగుతాంది, నేనైతే ఇదీ పోయిందనుకున్న, కాని అది డిస్కు రోగం కాదు, కేబుల్ రోగం. డిస్కును బోర్డుకు కలిపే సాటా కేబుల్ మార్చిన, నంబరు అక్కడే ఆగిపోయింది. ఆ నంబరు తగ్గదు, పెరగకుంటే చాలు. ఎంతమంది ఈ కేబుల్ కోసం మంచి డిస్కులు పారేసిన్రో.

ఇగ కొత్తది కొనాలె. ఇక్కడ అందరు చేసే తప్పు ఏందంటే ముందు డిస్కు వెతుకుతరు, డబ్బ ఏం తట్టుకుంటదో తర్వాత చూస్తరు. నా మదర్‌బోర్డుల డిస్కులు తగిలించే పోర్టులు రెండు సెకనుకు 6 గిగాబిట్‌వి, నాలుగు 3 గిగాబిట్‌వి. 3 గిగాబిట్ అంటే పాతదని భయపడొద్దు, సెకనుకు దగ్గర దగ్గర 300 ఎంబీ పోతది, మన ఇంటి నెట్‌వర్కే గిగాబిట్, అది 110 దాటదు, తిరిగే డిస్కుకు 3 గిగాబిట్ ధారాళం. అసలు చూడాల్సింది వేరే. ఈ తరం బోర్డుల మీద పోర్టులను నడిపే ఇంటెల్ చిప్‌సెట్‌ల తప్పుందని 2011 జనవరి ఆఖరున కంపెనీయే ఒప్పుకుని వాపస్ తీసుకుంది, ఆ 3 గిగాబిట్ పోర్టులే కాలం గడిచినకొద్దీ చెడిపోతయని. సరిచేసినవాటికి బీ3 అని పేరు. సెకండ్ హ్యాండ్‌ల ఈ తరం బోర్డు ఎవరన్నా చౌకగ ఇస్తమంటే బీ3 అవునా కాదా చూసుకోన్రి. నాది బీ3యే, బతికిపోయిన.

ఇంకోటి, 2 టీబీ గీత. డిస్కును భాగాలు చేసి లెక్క రాసుకునే పాత ఎంబీఆర్ పద్ధతిల 512 బైట్ల సెక్టార్లతోటి 2.2 టీబీ దాటి లెక్క రాదు. డేటా డిస్కును కొత్త పద్ధతి జీపీటీల పెట్టుకుని, బూటింగుకు ఒక చిన్న 240 జీబీ ఎస్ఎస్‌డీ వేరే పెడితే కంప్యూటర్‌ను లేపే పాత బయాస్ ఉన్నా లైనక్స్‌కు 4 టీబీ, 8 టీబీ ఏ ఇబ్బంది లేదు. కాని డిస్కును బయటి నుంచి తగిలించే నా పాత యూఎస్‌బీ డాక్‌ల 4 టీబీది పెడితే 1.6 టీబీయే చూపెట్టింది, మిగిలింది మింగేసింది. నకిలీ డిస్కు అంటగట్టిన్రని దుకాణానికి పోయి లొల్లి పెట్టబోయిన, పోనందుకు ఇప్పటికీ సంతోషమే.

డబ్బకు కరెంటు ఇచ్చే ఎస్ఎంపీఎస్ గురించి ఎవ్వరు పట్టించుకోరు. 3.5 అంగుళాల డిస్కు మొదలు తిరగవట్టేటప్పుడు 12 వోల్టుల మీద సుమారు 2 ఆంపియర్లు గుంజుతది. నాలుగు డిస్కులు ఒక్కసారే లేస్తే 8. పద్నాలుగేండ్ల పాత సప్లై దానికి ఊకుంటదా? నేను డబ్బల రెండు జతలుగ ఉన్న నాలుగు చిన్నవి తీసి రెండు పెద్దవి పెడదామనుకున్నది సగం ఇందుకే. సగం కరెంటు బిల్లుకు, ఒక్కో డిస్కు 5 వాట్లు అనుకున్నా నెలకు మూడున్నర యూనిట్లు.

ఇప్పుడు అసలు కథ. మూడేండ్ల కింద ఇట్లనే ఒకటి పోతే చౌకగ దొరికిందని మామూలు డెస్క్‌టాప్ డిస్కు తెచ్చి మిర్రర్‌ల కలిపిన. మొదటి గంట సక్కగ పోయింది, తర్వాత సెకనుకు 10 ఎంబీకి పడింది, ఐదు రోజులు నడిచి ఆఖరికి సిస్టమే దాన్ని బయటికి నూకేసింది. అది ఎస్ఎంఆర్ అని అప్పుడు తెల్వదు, డిస్కు వచ్చిన అట్టపెట్టె మీద కూడా రాసి లేదు. ఎస్ఎంఆర్ ఎట్లుంటదంటే మన ఊర్లల్ల గూనపెంకుల ఇల్లు తీరు. ఒక పెంక మీదికి ఇంకో పెంక సగం ఎక్కి ఉంటది, అందుకే తక్కువ జాగల ఎక్కువ పడతయి. కాని కోతి నడుమల ఒక పెంక పలగ్గొట్టిందనుకో, అది మార్చాలంటే దాని మీదున్న వరుస మొత్తం లేపి మళ్ళ పేర్చాలె. డిస్కుల కూడా అంతే, నడుమ చిన్న ముక్క మార్చాలన్నా పక్క ట్రాకులన్నీ మళ్ళ రాయాలె. ఒకసారి రాసి దాసిపెట్టుకునే బ్యాకప్‌కు ఫరవాలేదు గాని మిర్రర్‌కు, ఇంకా ఎన్నో డిస్కులు కలిపి ఒక్కటిగ వాడే రెయిడ్‌కు వద్దే వద్దు. సీఎంఆర్ అంటే బండలు పరిచినట్టు, దేనిది దానికి. నాస్ (నెట్‌వర్క్ మీద ఫైళ్ళు దాసే మన డబ్బ లాంటిది) కోసమని పేరు పెట్టుకున్నా నమ్మొద్దు, 2020ల వెస్ట్రన్ డిజిటల్ వాళ్ళ రెడ్ డిస్కులల్ల 2 నుంచి 6 టీబీ దాక కొన్ని ఎస్ఎంఆరే అని బయటపడ్డది, తర్వాత సీఎంఆర్‌వి రెడ్ ప్లస్ అని వేరు చేసిన్రు. మోడల్ నంబరు పట్టుకుని కంపెనీ లిస్టుల చూసినంకనే పైసలు ఇయ్యాలె.

దుకాణంల పిల్లగాడు "అన్నా, సీసీ కెమెరాకేనా?" అని ఊదారంగు లేబుల్‌ది తీసిండు. మనకాడ అవే ఎక్కువ అమ్ముడు పోతయి మరి. అది చెడ్డది కాదు, 24 గంటలు తిరిగేటందుకే చేసింది, కాని కెమెరా వీడియో ఆగకుండ రాసేటందుకు సెట్ చేసింది. నేను అడిగింది నాస్ డిస్కు. ఎందుకంటే సెక్టారు చదవరాకుంటే డెస్క్‌టాప్ డిస్కు మొండిపట్టు పట్టి నిమిషాలు గుంజుతది, నాస్‌ది సుమారు 7 సెకన్లల్ల చేతులెత్తేసి ఇంకో డిస్కును అడుగుమంటది. మిర్రర్‌ల మనకు కావాల్సింది అదే. నిమిషానికి 5400 సార్లు తిరిగేదే తీసుకున్న, వేడి తక్కువ. రెండు 4 టీబీవి, ఒకటి ఇక్కడ, ఇంకోటి హైదరాబాద్‌ల వేరే దుకాణం నుంచి, ఒకే బ్యాచ్ రావొద్దని. రెండింటి ధర కలిపితే డబ్బను మూడుసార్లు కొనొచ్చు, మా అమ్మకు మాత్రం సగమే చెప్పిన.

తెచ్చిన రోజే డేటా ఎక్కియ్యలే. డిస్కును పరీక్షించే బ్యాడ్‌బ్లాక్స్ అనే ప్రోగ్రాంతోటి మొత్తం రాసుడు చదువుడు పెట్టిన, రెండున్నర రోజులు పట్టింది. అందుల కరెంటు ఒకసారి పోయింది గాని ఇన్వర్టర్ ఆదుకుంది. తర్వాత డబ్బను సజ్జ మీదికెళ్ళి కిందికి దించిన, మే నెలల అక్కడ డిస్కు 53 డిగ్రీలు చూపెడుతుండె. కిందికంటే నేల మీద కాదు, 2023 జూలై వానలకు నయీంనగర్, హంటర్ రోడ్డు ఎట్ల మునిగినయో అందరం చూసినం, మా సోపతిగాని సీపీయూ ఆ బురదల తేలింది. టీవీ స్టాండు పై అరల పెట్టిన.

అందుకే మూడో కాపీ కూడా ఒకటి ఉంది, తీసేసిన నాలుగింట్ల మంచిగున్న ఒక 2 టీబీది, బావకు బాగ కావాల్సినవి వరకే ఎక్కించి నర్సంపేటల అక్క ఇంట్ల పెట్టిన. పోయిన ఆదివారం మారుద్దామని పోతే అక్క దాన్ని బీరువల పట్టుచీరెల నడుమ, చీరెలల్ల పెట్టే వాసన గోళీలతోటి సహా, టవల్‌ల చుట్టి పెట్టింది. "పురుగు పట్టొద్దని తమ్మీ" అన్నది.