హరణ అంటే సీతాపహరణం కాదు

మా అప్ప కూతురు ప్లస్ టూ మంచి మార్కులతో పాసయ్యి, ఇంజనీరింగ్ విశాఖపట్నంలోనే చదువుతానని కూర్చుంది. మాది ఒడిశాలో పర్లాకిమిడి పక్క పల్లె. ఆటో ఎక్కితే పావుగంటలో పాతపట్నం, అంటే ఆంధ్రా. పెళ్ళి బట్టలకీ పంటి నొప్పికీ అటే పోతాం, సంబంధాలూ అటే కలుపుకుంటాం. సీటు దగ్గరికొచ్చేసరికి మాత్రం గేటు పడింది.

నెట్ సెంటర్ కుర్రాడు "ఎక్కడ చదివావమ్మా?" అని అడిగి, నాన్‌లోకల్ మీద క్లిక్ కొట్టాడు. తెలుగులోనే అడిగాడు మరి! 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం 85 శాతం సీట్లు లోకల్ పిల్లలవి, ఇంటర్‌తో ముగిసేలా వరసగా నాలుగేళ్ళు అక్కడ చదివితే లోకల్. మిగతా 15 శాతం ఉందిగా అనుకున్నాం, తీరా చూస్తే అందులోకి రావాలన్నా పిల్లో, కన్నవాళ్ళో పదేళ్ళు ఆ రాష్ట్రంలో ఉండి ఉండాలి, లేదా అక్కడి సర్కారు ఉద్యోగమైనా చేస్తుండాలి. వెనకబడ్డ ప్రాంతాల పిల్లలకి న్యాయం జరగాలని పెట్టిన రూలు, దాన్ని తప్పుపట్టను. గీతకి ఇవతల కూడా తెలుగు పిల్లలున్నారని మాత్రం ఎవరికీ తట్టలేదు. మేనేజ్‌మెంట్ సీటుకైతే డబ్బుంటే చాలు, ఏ ఊరని అడగరు.

పోనీ ఇక్కడ బడిలో సుఖపడ్డామా అంటే అదీ లేదు. నేను ఐదు దాకా తెలుగు మీడియం. ఆరులో ఒడియా బడికి మారాను. లెక్కల మాస్టారు బోర్డు మీద "హరణ" అని రాశారు. నాకు తెలిసిన హరణం సీతమ్మవారిది ఒక్కటే. భాగహారం అని తెలిసేసరికి యూనిట్ టెస్ట్ అయిపోయింది, సున్నా చేతికొచ్చింది. కూడికని మిశాణ, తీసివేతని ఫేడాణ అంటారు. వాటిని నోట్‌బుక్ వెనక అట్ట మీద తెలుగు అక్షరాల్లో రాసుకుని బట్టీ పట్టాను. లెక్కలు రాక కాదు, మాట రాక మొద్దునయ్యాను.

ప్రాథమిక విద్య తల్లిభాషలో అందాలని 1956లోనే రాజ్యాంగంలో 350ఎ చేర్చారు. 2009 విద్యాహక్కు చట్టం కూడా అదే చెప్పింది, కాకపోతే "వీలైనంత వరకు" అనే మాట ఒకటి తగిలించింది. మా దగ్గర ఆ వీలు ఎప్పుడూ కుదరదు. తెలుగు మాస్టారు రిటైరైతే ఆ కుర్చీ అలాగే ఉంటుంది, పుస్తకాలు దసరా దాటాక వస్తాయి, పిల్లలు తగ్గిపోయారని చివరికి తెలుగు సెక్షనే ఎత్తేస్తారు. సవర పిల్లలకి సవరలోనే పాఠం చెప్పాలని వాచకాలు రాసిన గిడుగు రామమూర్తిగారు ఉద్యోగం చేసింది ఈ పర్లాకిమిడిలోనే. 1936లో ఊరు ఒడిశాలో కలిసినప్పుడు ఆయన రాజమండ్రి వెళ్ళిపోయారు. మాలాంటివాళ్ళం ఎక్కడికి పోతాం, పొలాలు ఇక్కడున్నాయి.

పిల్ల చివరికి ఇక్కడే ప్లస్ త్రీలో, అంటే డిగ్రీలో చేరింది. మూడు రోజులు నాతో మాట్లాడలేదు, రూలు నేనే పెట్టినట్టు.

ఇప్పుడు టెన్షన్ దాని తమ్ముడి గురించి. వాడిది ఎనిమిది, ఒడియా మీడియం. మా బావ వేళ్ళు మడిచి లెక్కేస్తున్నాడు: ఒడిశా ఉద్యోగాలకి ఏడో తరగతి స్థాయి ఒడియా పాసై ఉండాలి, అది అయిపోయింది, తొమ్మిదిలో పాతపట్నం బడిలో వేస్తే ఇంటర్‌కి సరిగ్గా నాలుగేళ్ళు, లోకల్ అయిపోతాడు. లెక్క భలే కుదిరింది. మొన్న వాడు నా దగ్గరికొచ్చి, "మావయ్యా, హరణని అక్కడ ఏమంటారు?" అని అడిగాడు.