లాగకుండా నడిచిన లూసీ: నా అనుభవం

ఈ వారం మా కుక్క లూసీ వీధి చివరి దాకా వెళ్లి తిరిగి ఇల్లు చేరే వరకు ఒక్కసారి కూడా లీష్, అంటే దాన్ని పట్టుకుని నడిపించే తాడు, బిగుసుకోలేదు. కుక్కను పెంచనివారికి ఇది చెప్పుకోదగ్గ విషయంగానే తోచదు. బాగా ఎదిగిన కుక్క ముందు లాగుతుంటే, భుజం ఎక్కడ జారిపోతుందోనని భయపడుతూ వెనక పరుగెత్తినవారికి మాత్రం నా సంతోషం అర్థమవుతుంది. ఈ వేడి మీదే జరిగినదంతా రాసిపెడుతున్నాను.

లూసీ ఎనిమిది వారాల పిల్లగా మా ఇంటికి వచ్చింది. ఇల్లు పాడు చేయకపోవడం త్వరగానే అలవడింది. నిద్ర లేవగానే, తిన్న వెంటనే, ఆట ముగియగానే బయటికి తీసుకువెళ్లి, పని కానిచ్చిన మరుక్షణం మెచ్చుకుంటే చాలు. చేతులు కొరకడం పాలపళ్లు ఊడి, ఆరేడు నెలల వయసులో గట్టి పళ్లు వచ్చేసరికి సద్దుమణిగింది. ‘కూర్చో’ అంటే కూర్చోవడం ఒక్క సాయంత్రంలో వచ్చేసింది. ఆ మూడూ చూసుకుని నాకు కుక్కల శిక్షణ బాగా తెలుసనే ధీమా కలిగింది. ఆ ధీమాను లీష్ దింపింది.

కుక్క మామూలు నడక మన నడకకంటే వేగంగా ఉంటుంది. దానికి తోడు, ముందున్న చెట్టు మొదట్లో ఏదో వాసన ఉంది. లాగితే ఆ చెట్టు దగ్గరవుతుంది. అంటే లాగిన ప్రతిసారీ దానికి ప్రతిఫలం దక్కుతోంది, ఆ ప్రతిఫలాన్ని నడిచి వెళ్లి అందిస్తున్నది మనమే. ఇంత చిన్న లెక్కను విప్పి చెప్పేవారు అప్పట్లో నాకు దొరకలేదు. అందరూ ఒకే మాట అన్నారు: ‘మంచి ట్రైనర్ దగ్గరికి తీసుకువెళ్లండి.’

తీసుకువెళ్లాం. రుసుము మొత్తం ముందుగానే కట్టించుకున్న ఆ పెద్దమనిషి పేరు ఇక్కడ రాయను. మైదానంలో యజమానులందరినీ వరుసగా నిలబెట్టి, ఒక్కొక్కరినీ కుక్కతో నడిచి చూపించమన్నాడు. మా వంతు వచ్చేసరికి లూసీ అవతలి కుక్కను పలకరించాలన్న ఆత్రంలో నన్ను ఈడ్చుకుపోయింది. ఆయన అందరికీ వినపడేలా, ‘చూశారా? ఈ ఇంట్లో యజమాని ఎవరో కుక్కకే తెలియదు. ఇది మిమ్మల్ని లెక్కచేయడం లేదు సార్, మీ మీద పెత్తనం చేస్తోంది’ అన్నాడు. కొందరు నవ్వారు. తరువాత లీష్ నా చేతిలోంచి తీసుకుని, మెడకు బిగుసుకునే గొలుసు ఒకటి తగిలించి, లూసీ ముందుకు అడుగు వేయగానే బలంగా గుంజాడు. మూడో గుంజుకి లూసీ కేర్‌మంది. చెవులు వెనక్కి అంటుకుపోయాయి, తోక పొట్ట కిందికి చేరింది, నేల మీద వెల్లకిలా పడి అక్కడే మూత్రం పోసుకుంది. ‘ఇప్పుడు దారికొచ్చింది, ఇది లొంగిపోవడం’ అని ఆయన వ్యాఖ్యానించాడు.

అది భయం. ఆ భంగిమ ఎరిగిన ఏ పశువైద్యుడైనా ఆ మాటే చెబుతాడు. భయంతో నేలకు కరుచుకున్న జంతువును చూపించి విధేయత అని పదిమందికీ నేర్పే మనిషి చేతిలో ఈ విద్య ఉండడం ఆ కుక్కల దురదృష్టం. తరువాతి తరగతికి మేము వెళ్లలేదు. మిగిలిన రుసుము తిరిగి ఇవ్వమని అడిగితే, ‘మధ్యలో మానేసినవారికి ఇచ్చే పద్ధతి లేదు’ అన్నారు. వారం పాటు లూసీ గొలుసు చప్పుడు వినపడితే చాలు, మంచం కిందికి దూరేది. డబ్బు సంగతి నేను ఎప్పుడో వదిలేశాను, దీన్ని మాత్రం వదలలేదు.

ఆ కోపంతోనే ‘పెత్తనం’ సిద్ధాంతం ఎక్కడిదో వెతికాను. దాని మూలం తోడేళ్ల దగ్గర తేలింది. 1947లో రుడాల్ఫ్ షెంకెల్ అనే శాస్త్రవేత్త బంధించి ఒకచోట ఉంచిన తోడేళ్లను గమనించి, అవి హోదా కోసం పోట్లాడుకుంటాయని రాశారు. ఆ మాటను అమెరికాలో బాగా ప్రచారం చేసినవారిలో తోడేళ్ల పరిశోధకుడు డేవిడ్ మీచ్ ఒకరు. అదే మీచ్, అడవిలో స్వేచ్ఛగా తిరిగే తోడేళ్లను ఏళ్ల తరబడి చూసిన తరువాత, 1999లో ఆ అభిప్రాయాన్ని సరిదిద్దారు: అడవిలోని తోడేళ్ల గుంపు చాలావరకు తల్లిదండ్రులూ పిల్లలూ కలిసిన కుటుంబమే, అక్కడ పోట్లాడి గెలుచుకునే నాయకత్వం ఉండదు. పైగా కుక్క తోడేలు కాదు, నేను రెండూ కాదు. జంతు ప్రవర్తనపై పనిచేసే అమెరికా పశువైద్యుల సంఘం 2021లో ప్రకటించిన వైఖరిలో కుక్కలకు ప్రతిఫలంతో నేర్పే పద్ధతులనే సిఫారసు చేసింది. మైదానంలో మాకు పాఠం చెప్పినాయనకు ఈ సంగతులేవీ చేరినట్లు లేవు.

ఆ తరువాత మేము అనుసరించిన పద్ధతి చెప్పడానికి తేలిక, పాటించడానికి ఓర్పు కావాలి. లీష్ బిగిసిన మరుక్షణం నేను ఆగిపోతాను, తిట్టను, గుంజను. లూసీ వెనక్కి తిరిగి చూసినా, ఒక అడుగు నా వైపు వేసి లీష్ వదులు చేసినా, ‘శభాష్’ అని, నా ఎడమ తొడ పక్కనే ఉడికించిన మాంసం ముక్క అందించి కదులుతాను. ముక్క అందించే చోటు ముఖ్యం, ఎందుకంటే ప్రతిఫలం ఎక్కడ దొరుకుతుందో కుక్క అక్కడే ఉండడానికి ఇష్టపడుతుంది. లీష్ వదులుగా ఉందో లేదో తెలుసుకోవడానికి కాలర్ (మెడపట్టీ) దగ్గర ఉండే కొక్కెం చూస్తే చాలు: కిందికి నిటారుగా వేలాడుతుంటే వదులుగా ఉన్నట్టు, పైకి లేచిందా బిగిసినట్టు. మెత్తగా నడిచినప్పుడల్లా ‘వెళ్లు, వాసన చూడు’ అని చెట్టు దగ్గరికి పంపడం కూడా మాంసం ముక్కకు సమానమైన బహుమతే. ఒక్కోసారి దానికంటే ఎక్కువ.

ఈ క్రమంలో వీధిలో నేను పడ్డ అవస్థ వేరు. నడిరోడ్డు మీద పాతిన గుంజలా నిలబడితే జనం ఊరుకుంటారా? ఒక పెద్దాయన వచ్చి, ‘ఏం బాబూ, ఏమైనా పోగొట్టుకున్నావా?’ అని నేల వెతకడం మొదలుపెట్టాడు. ఇంటి గేటు నుంచి పక్కింటి గోడ దాకా చేరడానికే అరగంట పట్టిన రోజులున్నాయి. కొంత మెరుగయ్యాక ఉన్నట్టుండి లూసీ మరింత మొండికేసింది. ముందుకు దూకింది, మొరిగింది, లీష్‌ను నోట కరచి తల విదిలించింది. ఎప్పుడూ ఫలించిన ఉపాయం ఫలించకపోతే కుక్క దాన్నే ఇంకా గట్టిగా ప్రయత్నిస్తుంది. ఆ దశ దాటితే తగ్గుతుంది. చాలామంది సరిగ్గా అక్కడే, ‘ఈ పద్ధతి పనిచేయదు’ అని వదిలేస్తారు.

మా ఇంట్లో అసలు ఆటంకం నాన్నగారు. ఉదయం నేను ఒక్కొక్క అడుగూ కూడబెడితే, సాయంత్రం ఆయన ‘పోనీలే, దానికి ఆ చెట్టంటే ఇష్టం’ అని లూసీ లాగినకొద్దీ వెళ్లేవారు. అప్పుడప్పుడు మాత్రమే ఫలించే అలవాటు, ఎప్పుడూ ఫలించే అలవాటుకంటే మొండిగా నిలుస్తుందని నేను ఆయనకు వివరించాను. ఆయన శ్రద్ధగా విని మరునాడు మళ్లీ అదే చేశారు. చివరికి ఆయన నడకకు ఛాతీ దగ్గర కొక్కెం ఉండే హార్నెస్ (ఒంటికి తొడిగే పట్టీలు) కేటాయించాను. దాన్ని లాగితే కుక్క ముందుకు పోలేక పక్కకు తిరుగుతుంది. కాలర్‌కు లీష్ తగిలించడం నా నడకకు మాత్రమే. రెండింటి తేడా లూసీ పట్టేసింది, నాన్నగారు ఇంకా పట్టలేదు.

సాగే తాడు చుట్టుకునే పిడి లీష్ కొనకండి. అది ఎప్పుడూ కొంచెం బిగువుగానే ఉంటుంది, అంటే బిగువే మామూలని కుక్కకు నేర్పుతుంది. ట్రైనర్‌ను కుదుర్చుకునే ముందు కుక్క లేకుండా వెళ్లి ఒక తరగతి చూడనివ్వమనండి. ఒప్పుకోకపోతే వెనక్కి వచ్చేయండి. చూడనిచ్చినా, ‘కుక్క చెప్పినట్టు చేయకపోతే మీరు ఏం చేస్తారు?’ అని అడగండి. జవాబులో ‘యజమాని ఎవరో చూపించాలి’ అన్న మాట వినిపిస్తే రుసుము కట్టకండి.

మొన్న ఎదురింటివారు లూసీ నడక చూసి ఎవరి దగ్గర శిక్షణ ఇప్పించారని అడిగారు. నేనే ఇచ్చానని కొంచెం గట్టిగానే చెప్పాను. పిల్లి కనిపిస్తే మాత్రం పాత లూసీ తిరిగి వస్తుంది. అందుకని పిల్లి అంత దూరంలో ఉండగానే ఆగి, లూసీ నా వైపు చూసేదాకా ఉండి, మాంసం ముక్క ఇచ్చి దారి మళ్లిస్తున్నాను. ఆ దూరం కొద్దికొద్దిగా తగ్గుతోంది.