పట్టణపు క్షేమము కోరుడి: యిర్మీయా 29:7పై ధ్యానము

"నేను మిమ్మును చెరగొనిపోయిన పట్టణముయొక్క క్షేమముకోరి దానికొరకు యెహోవాను ప్రార్థన చేయుడి, దాని క్షేమము మీ క్షేమమునకు కారణమగును."

క్రీ.పూ. 597లో నెబుకద్రెజరు యెరూషలేము నుండి యెకొన్యా రాజును, అధిపతులను, శిల్పకారులను బబులోనుకు చెరపట్టి తీసుకుపోయాడు. అక్కడ మూటలు విప్పుకోవాలో వద్దో తెలియక ఉన్న ఆ జనానికి యిర్మీయా రాసిన ఉత్తరంలోని మాట ఇది. రెండేళ్లలో అందరూ తిరిగి వచ్చేస్తారని హనన్యా అనే ప్రవక్త అప్పటికే చెప్పాడు, ఆ మాట వినడానికి తీయగా ఉంది. యిర్మీయా మాత్రం డెబ్బది సంవత్సరాలు పడుతుందన్నాడు. ఇండ్లు కట్టుకొమ్మని, తోటలు నాటుకొమ్మని, పిల్లలకు పెండ్లిండ్లు చేయమని చెప్పి, ఆ తరువాత ఎవరూ ఎదురుచూడని ఈ ఆజ్ఞ రాశాడు. తమ గుడి పాత్రలను ఎత్తుకుపోయిన రాజు పట్టణమది. ఆ పట్టణం బాగుండాలని కోరుకొమ్మన్నాడు.

తిరుపతిలో ఉండి ఈ వచనం చదివే విశ్వాసి ముందుగా ఒక సంగతి స్పష్టం చేసుకోవాలి. తిరుపతి మనకు బబులోను కాదు, మనలను ఎవరూ ఇక్కడికి చెరపట్టి తీసుకురాలేదు. మన తాతముత్తాతలు ఈ స్వర్ణముఖి ఒడ్డునే పుట్టారు. మన పొరుగువారు వేకువనే కొండకు నమస్కరించి పనికి పోయే మనుషులు, వారి ఇంటి పండుగకూ మన ఇంటి పండుగకూ పళ్లేలు అటూ ఇటూ నడుస్తూనే ఉన్నాయి. టీటీడీ కళాశాలల్లో చదువుకున్న క్రైస్తవ పిల్లలున్నారు, మిషన్ ఆసుపత్రుల్లో పుట్టిన హిందూ పిల్లలున్నారు. 2021 నవంబరు వరదల్లో తిరుపతి వీధులు ఏరులైనప్పుడు, రాయలచెరువు కట్టకు ప్రమాదమని ఊళ్లకు ఊళ్లు ఖాళీ చేయించినప్పుడు, ఈ వచనంలోని చివరి భాగం ఎవరూ వ్యాఖ్యానించకుండానే అందరికీ అర్థమైంది. పరాయి పట్టణం క్షేమాన్నే కోరమని చెరలో ఉన్నవారికి ఆజ్ఞ ఉన్నప్పుడు, సొంత ఊరి విషయంలో మన బాధ్యత ఎంత పెద్దదో వేరుగా చెప్పనక్కరలేదు.

వచనంలో ఉన్నవి రెండు పనులు: క్షేమము కోరడం, ప్రార్థన చేయడం. ప్రతి ఆదివారం మన విజ్ఞాపన ప్రార్థనలో దేశం కొరకు, అధికారుల కొరకు, రోగుల కొరకు ఒక్కొక్క వాక్యం చెప్పి ఆమేన్ అంటాము. అది మంచిదే, పౌలు తిమోతికి రాసిన మొదటి పత్రికలో అలా చేయమనే చెప్పాడు. అయితే మొదట చెప్పిన పనిని మాత్రం చాలాకాలంగా మనం ఇతరులకు వదిలేశాము. శాస్త్రం శాస్త్రజ్ఞులదని, రాజకీయం మురికిదని, కులం ఊరి విషయమని, చదువు ఉద్యోగం కోసమని పంచిపెట్టి, విశ్వాసానికి ఆదివారం ఉదయాన్ని మాత్రమే మిగిల్చుకున్నాము. మన పెద్దలు ఇలా పంచుకోలేదని ఈ జిల్లా చరిత్రే చెబుతుంది.

ఒకప్పటి చిత్తూరు జిల్లాలోని మదనపల్లెలో అనేక మిషన్లు కలిసి 1912లో క్షయరోగుల కోసం ఒక శానిటోరియం ప్రారంభించాయి. అది తరువాత ఊరి వెలుపలి ఆరోగ్యవరానికి మారింది. డెన్మార్క్ నుండి వచ్చిన వైద్యుడు క్రిస్టియన్ ఫ్రిమోట్ మొల్లర్ దాని తొలి సూపరింటెండెంటు. క్షయకు కారణమైన క్రిమిని కనుగొన్నట్లు రాబర్ట్ కోచ్ 1882 మార్చి 24న ప్రకటించినా, దానిపై పనిచేసిన తొలి ఔషధం స్ట్రెప్టోమైసిన్ 1943 వరకు బయటపడలేదు. అంటే ఆ శానిటోరియం మొదలైన నాటి నుండి దాదాపు ముప్పై ఏళ్లు అక్కడి వైద్యుల చేతిలో ఉన్నవి విశ్రాంతి, మంచి ఆహారం, కొండగాలి, కొన్ని కఠినమైన శస్త్రచికిత్సలు మాత్రమే. అయినా వారు రోగిని వెలివేయలేదు. 1950ల్లో ఆ సంస్థ వైద్యులే మదనపల్లె చుట్టుపక్కల గ్రామాల ప్రజలకు ఎక్స్‌రే పరీక్షలు చేసి, బీసీజీ టీకా ఎంతవరకు కాపాడుతుందో ఏళ్ల తరబడి లెక్కగట్టారు. అక్కడ ప్రార్థన ఉంది, ప్రయోగశాల కూడా ఉంది. ఒకదాని ముందు మరొకటి తలదించుకోవలసిన అవసరం వారికి కలగలేదు.

హిజ్కియా రాజు మరణకరమైన రోగంతో కన్నీరు విడిచి ప్రార్థించినప్పుడు దేవుడు అతనికి పదిహేను సంవత్సరాల ఆయుష్షు వాగ్దానం చేశాడు. వాగ్దానం వచ్చిన తరువాత యెషయా చేసిన పని, అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి ఆ పుండుకు కట్టించడం. దేవుడు మాట ఇచ్చాడు కదా, ఇక మందు ఎందుకని ప్రవక్త అనలేదు. స్వస్థత కూటాలలో మాత్రలు మానివేయడమే విశ్వాసానికి రుజువని చెప్పేవారిని తలచుకున్నప్పుడు నాకు ఈ ఘట్టమే గుర్తుకు వస్తుంది, దుఃఖం కూడా కలుగుతుంది. సాధారణ క్షయకు ఆరు నెలలు మందులు వాడాలి. రెండో నెలకే దగ్గు తగ్గి, ఆకలి పుట్టి, మనిషి కోలుకున్నట్లు కనిపిస్తాడు. సరిగ్గా అప్పుడే సాక్ష్యం చెప్పించి మందులు మాన్పిస్తే, లోపల మిగిలిన క్రిములు ఆ మందులకు లొంగని స్థితికి చేరవచ్చు, అదే రోగం అతని భార్యకూ పిల్లలకూ అంటవచ్చు. ఆ ఇంటికి జరిగిన కీడుకు ఆ వేదిక మీద ఉన్నవారు దేవుని యెదుట జవాబు చెప్పవలసి ఉంటుంది.

సాక్ష్యం అంటే సత్యం చెప్పడం. ఈ విషయంలో శాస్త్రజ్ఞుల నుండి సంఘం నేర్చుకోవలసినది ఉంది. 1968లో తమిళనాడులోని చెంగల్పట్టు ప్రాంతంలో ప్రారంభమైన చాలా పెద్ద బీసీజీ పరిశోధనలో, పెద్దవారి ఊపిరితిత్తుల క్షయను ఆ టీకా అక్కడ ఆపలేకపోయిందని తేలింది. ఎంతో ఆశతో, ఎంతో శ్రమతో చేసిన పని అది. వచ్చిన ఫలితాన్ని వారు దాచలేదు, ఉన్నది ఉన్నట్లు ప్రపంచానికి చెప్పారు. పసిపిల్లలను క్షయ యొక్క తీవ్ర రూపాల నుండి ఆ టీకా కాపాడుతుంది కనుక నేటికీ మన శిశువులకు వేస్తూనే ఉన్నారు. అబద్ధ సాక్ష్యము పలుకకూడదన్న ఆజ్ఞ ప్రయోగశాలలో ఇంత శ్రద్ధగా అమలవుతూ ఉంటే, బలిపీఠం దగ్గర అంతకంటే తక్కువ శ్రద్ధ ఉండకూడదు. 1874లో కేంబ్రిడ్జిలో తెరిచిన కావెండిష్ ప్రయోగశాల తలుపు మీద 111వ కీర్తనలోని మాట లాటిన్‌లో చెక్కి ఉంది. యెహోవా క్రియలు గొప్పవని, వాటియందు ఇష్టము గలవారందరు వాటిని విచారించుదురని దాని భావం. విచారించడం అవిశ్వాసం కాదు, అది కూడా ఆరాధనలో భాగమే.

చదువు మాటకు వస్తే, యిర్మీయా గ్రంథాన్ని బబులోనులోనే ఉండి చదివిన వాడు దానియేలు. డెబ్బది సంవత్సరాల లెక్కను తాను యిర్మీయా ద్వారానే గ్రహించానని అతడే రాశాడు. కల్దీయుల భాషను, విద్యను నేర్చుకున్నాడు, వాటిలో అందరికంటే మిన్న అనిపించుకున్నాడు, రోజుకు మూడుమార్లు మోకాళ్లూనడం మానలేదు. తిరుపతిలో 2015లో ఐఐటీ, విజ్ఞానశాస్త్ర విద్యాసంస్థ ఐసర్ రెండూ వచ్చాయి. గాదంకిలో వాతావరణ పరిశోధనశాల ఉంది, శ్రీహరికోట ఇప్పుడు తిరుపతి జిల్లాలోనిదే. ఇలాంటి చోట్లకు వెళ్లిన మన యౌవనస్థులు జీవపరిణామం గురించో, భూమి వయస్సు గురించో సంఘంలో అడిగితే, ప్రశ్న అడగడమే తప్పన్నట్లు మాట్లాడి వారిని నిశ్శబ్దంగా బయటికి పంపుతున్నాము. వారికి ఒక్కరోజులో జవాబు చెప్పలేకపోవచ్చు, కనీసం వారితో కూర్చుని చదవగలము.

రాజకీయం గురించి మాట్లాడడానికి చాలామంది కాపరులు జంకుతారు. యిర్మీయా ఉత్తరాన్ని బబులోనుకు మోసుకుపోయిన ఎలాశా, గెమర్యా యూదా రాజు సిద్కియా పంపిన రాయబారులని అదే అధ్యాయంలో ఉంది. దేవుని మాట రాచకార్యం మీద వెళ్లేవారి చేతుల్లోనే ప్రయాణం చేసింది. దానియేలు నెబుకద్రెజరు కొలువులో జీతం తీసుకుంటూనే, పాపములు మాని, బాధపడినవారి మీద కరుణ చూపమని ఆ రాజు ముఖం మీదనే చెప్పాడు. మన రాష్ట్రంలో కాపరులకు నెలకు రూ.5,000 గౌరవ వేతనం ఇచ్చే పథకం వచ్చింది. అవసరంలో ఉన్న గ్రామ కాపరి దాన్ని తీసుకోవడాన్ని నేను తప్పుపట్టను. కానీ తీసుకున్న నోరు ఏ పార్టీ ప్రభుత్వం ముందైనా దానియేలు నోరులా తెరుచుకోగలగాలి. ఎన్నికల వేళ అభ్యర్థులు వచ్చి ప్రార్థించమంటే అందరి కొరకూ ప్రార్థించవచ్చు. వేదికను మాత్రం ఎవరికీ అప్పగించకూడదు. ఓటుకు ఇచ్చిన నోటు జేబులో పెట్టుకొని ప్రభువు బల్లకు రావడం ఎంత తీవ్రమైన విషయమో చెప్పే ప్రసంగం ఎన్నికలకు ముందు ఆదివారమే వినిపించాలి.

అన్నిటికంటే కష్టమైనది కులం. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డు కులాల హోదా మొదట హిందువులకే ఉండేది, 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు విస్తరించింది, క్రైస్తవులకు లేదు. మతం మారినా ఊరిలో అంటరానితనం మారలేదు గనుక ఈ హోదా ఇవ్వాలని అడగడం న్యాయమైనదేనని నేను నమ్ముతాను, అందుకోసం శాంతంగా, చట్టబద్ధంగా పోరాడాలి. అయితే ఆ వినతిపత్రం మీద సంతకం చేసే చేతితోనే కులం చూసి పెండ్లి సంబంధాలు తోసివేసే సంఘాలు ఉన్నాయి, సమాధుల తోటలో కూడా గీతలు గీసుకున్న సంఘాలు ఉన్నాయి. యూదుడని గ్రీసుదేశస్థుడని లేదు, దాసుడని స్వతంత్రుడని లేదు అన్న మాట బాప్తిస్మమప్పుడు చదివి, పాతిపెట్టేటప్పుడు మరచిపోతున్నాము. ఈ పాపానికి ఢిల్లీ నుండి ఉత్తర్వు రానవసరం లేదు. సంఘపు కమిటీ ఒక సాయంత్రం కూర్చుంటే ఆ గీతను చెరిపివేయవచ్చు.

ఇవన్నీ సంఘంలో చెప్పినప్పుడు కోపం వస్తుంది. యిర్మీయా ఉత్తరం చదివి మండిపడినది బబులోనువారు కాదు, చెరలో ఉన్న సొంతవారిలోనే ఒకడైన నెహెలామీయుడైన షెమయా. ప్రవక్తను బొండలో, అంటే కాళ్లు బిగించే కొయ్యలో, వేయించమని అతడు యెరూషలేములోని యాజకుడికి తిరుగుటపా రాశాడు. ఆ యాజకుడు దాన్ని యిర్మీయాకు చదివి వినిపించాడు, యిర్మీయా మాత్రం తన మాట మార్చుకోలేదు.

శ్రమల దినాలలో తరచుగా మార్చి 24, ప్రపంచ క్షయ దినం, వచ్చి పోతుంది. ఈసారి ఆ వారపు విజ్ఞాపన ప్రార్థనలో రోగుల కొరకు అనే ఒక్క మాటతో ఆగవద్దని మన సంఘాలను వేడుకుంటున్నాను. క్షయ పరీక్షలు, మందులు ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితమని, చికిత్సలో ఉన్నవారికి పౌష్టికాహారం కోసం కేంద్రం నెలకు రూ.1,000 ఇస్తుందని ప్రకటనల సమయంలో చెప్పండి. రెండు వారాలకు మించి దగ్గు ఉన్నవారిని తిరుపతిలో రుయా ప్రభుత్వ ఆసుపత్రికో, చిత్తూరులో జిల్లా ఆసుపత్రికో తోడు వెళ్లి చూపించడానికి స్త్రీల సమాజం నుండి ఇద్దరిని, యువజన సంఘం నుండి ఇద్దరిని నియమించండి. ఆ రోగి మన సంఘస్థుడా, కొండకు నమస్కరించే పొరుగువాడా అని అడగవద్దు. ఆరు నెలలు ముగిసి, వైద్యుడు నయమైందని చెప్పిన తరువాత, అతనికి ఇష్టమైతే సాక్ష్యం చెప్పనివ్వండి.