నాగోల్ నుంచి మాదాపూర్: ఆరు నెలల కారు ఖర్చుల డైరీ

2025 జూన్ 8

నా దగ్గర ఉన్నది 2018 మోడల్ పెట్రోల్ స్విఫ్ట్. ఆదివారం పొద్దున్నే పార్కింగ్‌లోకి దిగి దాని పని నా చేత్తో చేసుకోవడం చాలా ఏళ్ల అలవాటు. ఇన్నాళ్లూ అది కడగడం, పాలిష్ పెట్టడం వరకే. ఈ నెల నుంచి ఖర్చు కూడా నోటుబుక్కులో రాస్తున్నాను. పెట్రోల్ లీటరు 107 రూపాయలు దాటింది. వారానికి మూడు రోజులు నాగోల్ నుంచి మాదాపూర్‌లోని ఆఫీసుకు వెళ్లాలి, రానూపోనూ 54 కిలోమీటర్లు. మిగతా తిరుగుడుతో కలిపి నెలకు 900.

ముందు అసలు మైలేజీ ఎంతో తేలాలి. డ్యాష్‌బోర్డు లీటరుకు 13.2 కిలోమీటర్లు చూపిస్తోంది, కానీ అది అంచనాయే. ఆటో కట్ పడేదాకా, అంటే బంకు పైపు దానంతటదే ఆగేదాకా, ట్యాంకు నింపించి ట్రిప్ మీటరు సున్నా చేశాను. మళ్లీ అదే బంకులో, అదే కట్ దాకా కొట్టించి, తిరిగిన కిలోమీటర్లను ఇప్పుడు పట్టిన లీటర్లతో భాగించాను. కట్ పడ్డాక రౌండ్ ఫిగర్ కోసం ఇంకాస్త పోయించుకుంటే లెక్క చెడుతుంది, అది వద్దన్నాను.

వచ్చింది 11.8. అంటే నెలకు 76 లీటర్లు, ఎనిమిది వేలకు పైన.

జూన్ 15

టైర్లు. ప్రతి పదిహేను రోజులకూ బంకులో గాలి కొట్టిస్తున్నాను కాబట్టి అక్కడ లోటు లేదనుకున్నాను. ఈసారి 1,800 పెట్టి 12 వోల్టుల చిన్న ఇన్‌ఫ్లేటర్ కొన్నాను, పొద్దున ఆరింటికి బండి కదలకముందే చూశాను. నాలుగు టైర్లలోనూ, డ్రైవర్ తలుపు దగ్గరి స్టిక్కర్ మీద రాసినదాని కంటే ఐదు పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) తక్కువ.

కారణం తెలిశాక చాలాసేపు దాని గురించే ఆలోచించాను. నేను బంకుకు వెళ్లేది ఆఫీసు నుంచి తిరిగి వచ్చేటప్పుడు. ఎండకు కాలిన రోడ్డు మీద పాతిక కిలోమీటర్లు తిరిగిన టైర్లో గాలి వేడెక్కి నాలుగైదు పీఎస్ఐ పెరుగుతుంది. బంకు మీటరు సరిపోయిందనే చెబుతుంది, టైరు చల్లారితే గాలి తక్కువే. స్టిక్కర్ మీది అంకె చల్లటి టైరుకు ఇచ్చింది. ఇన్‌ఫ్లేటర్ లేనివాళ్లు పొద్దున్నే ఇంటికి దగ్గరి బంకుకు వెళ్లి చూపించుకుంటే చాలు, అక్కడ గాలి ఉచితం. నైట్రోజన్‌కు డబ్బులు ఇవ్వడం మానేశాను, మామూలు గాలిలో 78 శాతం అదే.

గాలి సరిచేశాక తర్వాతి ట్యాంకుకు 12.1. పెట్రోల్‌లో తేడా చిన్నదే, కానీ గాలి తక్కువైన టైరు అంచుల దగ్గర త్వరగా అరిగిపోతుంది. నాలుగు టైర్లు మార్చాల్సి వస్తే ఎంతవుతుందో తెలిసినవాళ్లకు ఇది చిన్న విషయం కాదు.

జూలై 13

అసలు విషయం ఇవాళ తేలింది.

రోజూ తొమ్మిదింటికి బయలుదేరేవాణ్ని. ఉప్పల్, తార్నాక, బేగంపేట, పంజాగుట్ట, జూబ్లీహిల్స్ 45వ నంబర్ రోడ్డు, కేబుల్ బ్రిడ్జి. గంటా ముప్పై ఐదు నిమిషాలు. మూడు వారాలుగా 7:15కే తీస్తున్నాను, 55 నిమిషాల్లో చేరుతున్నాను. సాయంత్రం కూడా నాలుగున్నరకే లేస్తున్నాను, దానికి మేనేజర్‌ని ముందే అడిగి ఒప్పించుకున్నాను.

ఈ ట్యాంకుకు 13.9.

ఇంజిన్ ఊరికే తిరుగుతుంటే, అందులోనూ ఏసీతో, ఇలాంటి 1.2 లీటర్ల ఇంజిన్ గంటకు అర లీటరు పైనే తాగుతుంది. 0.6 అనుకుంటే, ఒక్కో ట్రిప్పులో తగ్గిన 40 నిమిషాలకు 0.4 లీటరు. నెలకు 26 ట్రిప్పులు, పది లీటర్లకు పైన. జూన్ మొదటి లెక్కతో పోలిస్తే నా నోటుబుక్కులో మిగిలింది 11 లీటర్ల చిల్లర, అంటే దాదాపు 1,200 రూపాయలు. రెండు లెక్కలూ ఇంత దగ్గరగా రావడం చూసి చాలా సంతోషం వేసింది. మిగతా కొద్దీ టైర్ల గాలి వల్ల, ఎదర ఎర్ర లైటు కనబడగానే యాక్సిలరేటర్ మీద కాలు తీసేయడం వల్ల వచ్చి ఉంటుంది. గేరులో ఉండగా కాలు తీస్తే, ఇంజిన్‌లోకి పెట్రోల్ చిమ్మే ఇంజెక్టర్లు దాన్ని ఆపేస్తాయి. న్యూట్రల్‌లో వదిలితే ఇంజిన్ నడవడానికి పెట్రోల్ పోతూనే ఉంటుంది, పైగా అది ప్రమాదం.

ఏసీ మాత్రం ఆపలేదు. హైదరాబాద్ ఎండలో కుటుంబాన్ని ఉడకబెట్టి దాచే డబ్బు నాకు అక్కర్లేదు. ఎక్కగానే అద్దాలు దించి ఒక నిమిషం వేడి గాలి బయటికి పోనిచ్చి, ఆ తర్వాత వేస్తాను.

ఆగస్టు 17

మా ఊరు సూర్యాపేట దగ్గర. నెలకోసారి వెళ్తాం, పండగలకు అదనం. వెళ్లేటప్పుడు పంతంగి, కొర్లపహాడ్ టోల్ ప్లాజాలు, వచ్చేటప్పుడు మళ్లీ అవే. ఫాస్టాగ్ స్టేట్‌మెంట్ తీసి కూడితే ఏడాదికి నాలుగు వేలు దాటింది. ఈ నెల 15 నుంచి సొంత కార్లకు వార్షిక పాస్ వచ్చింది: 3,000 రూపాయలు, ఏడాది లేదా 200 ట్రిప్పులు, ఏది ముందైతే అది. ఒక్కో టోల్ ప్లాజా దాటితే ఒక ట్రిప్పు. తీసేసుకున్నాను. ఇది జాతీయ రహదారులకే, మన ఔటర్ రింగ్ రోడ్డు (ఓఆర్ఆర్) టోల్ మామూలుగానే పోతుంది. ఏడాదికి రెండు మూడుసార్లే ఊరెళ్లేవాళ్లకు దండగ.

సెప్టెంబరు 14

సర్వీసు. ఎస్టిమేట్ 9,400 వేశారు. ఓనర్స్ మాన్యువల్‌లోని షెడ్యూల్ కాగితం పట్టుకెళ్లి వరుసగా అడిగాను. ఇంజిన్ డీకార్బనైజింగ్, ఏసీ డిస్ఇన్ఫెక్షన్, అండర్‌బాడీ కోటింగ్, ఇవేవీ అందులో లేవు. "అందరూ చేయించుకుంటారు సార్" అన్నాడు అడ్వైజర్. కారు ఏ ఇబ్బందీ పెట్టడం లేదు కదా అని మూడూ కొట్టేయించాను. ఆయిల్, ఆయిల్ ఫిల్టర్, బ్రేకుల చెకింగ్ ఉంచాను. బిల్లు 4,900. బ్రేకుల పని మాత్రం ఇంట్లో పెట్టుకోను, అది చేయి తిరిగినవాళ్లకే వదలాలి.

క్యాబిన్ ఫిల్టర్ రాణీగంజ్‌లో 250కి తెచ్చి నేనే వేశాను. గ్లవ్ బాక్స్ రెండు పక్కలా నొక్కి దించితే వెనకాలే ఉంటుంది, ఐదు నిమిషాల పని. ఫిల్టర్ మీది బాణం గుర్తు పాతదానికి ఎటు ఉందో చూసి అటే పెట్టాలి. పాతది తీస్తే ఎండుటాకులు, ఉప్పల్ రోడ్డు దుమ్ము అంతా అందులోనే. ఏసీ గాలి వెంటనే పెరిగింది. వైపర్ బ్లేడ్లు కూడా మార్చాను. బ్లేడు తీసిన కడ్డీ చేయి జారి పడితే ముందు అద్దం పగులుతుంది, అందుకే కింద మందపాటి తువ్వాలు పరిచి చేశాను.

వాన ముంచెత్తిన రోజుల్లో కారు తీయలేదు. నాగోల్ నుంచి రాయదుర్గం దాకా మెట్రో నేరుగా ఉంది.

అక్టోబరు 12

ఆఫీసు సెల్లార్‌లో స్తంభానికి బంపర్ గీసుకుంది. రంగు వేయడానికి 3,000 అన్నారు. "ఇన్సూరెన్స్ ఉందిగా, క్లెయిమ్ చేయండి" అంది మా ఆవిడ. కూర్చుని లెక్క వేశాం.

నా నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, 50 శాతం. అది ఓన్ డ్యామేజ్ (మన కారుకు జరిగే నష్టం) ప్రీమియం మీదే. థర్డ్ పార్టీది (మన కారు వల్ల ఇతరులకు జరిగే నష్టం) మా కారు తరగతికి ప్రభుత్వం నిర్ణయించిన 3,416, అందులో తగ్గేది లేదు. ఓన్ డ్యామేజ్ 5,600 ఉంటే బోనస్ పోను 2,800 కడుతున్నాను. ఒక్క క్లెయిమ్‌తో బోనస్ సున్నా అవుతుంది. ఆ తర్వాత ఏటా 20, 25, 35, 45 ఎక్కి మళ్లీ 50కి రావాలి. ప్రీమియం ఇలాగే ఉంటుందనుకుంటే ఈ ఐదేళ్లలో అదనంగా కట్టేది 2,800, 1,680, 1,400, 840, 280. మొత్తం 7,000. క్లెయిమ్ చేస్తే ఫైల్ చార్జీ, మన వాటా వేరు.

బయట 3,000 ఇచ్చి రంగు వేయించాం. పాలసీ గడువు దాటి 90 రోజులైతే ఈ బోనస్ మొత్తం పోతుంది కాబట్టి రెన్యువల్ తేదీ ఫోన్‌లో నెల ముందుకే పెట్టాను.

నవంబరు 23

ఈ ట్యాంకుకు 14.4. చలికి ఏసీ వాడకం తగ్గింది కాబట్టి పెరిగిన అర కిలోమీటరును నా ఖాతాలో వేసుకోను, మార్చి దాకా చూడాలి. రాత్రిళ్లు చల్లబడి టైర్లలో రెండు పీఎస్ఐ దిగింది, నింపాను.

బ్యాటరీ టెర్మినల్ మీద తెల్లటి పొడి కనబడుతోంది. వచ్చే ఆదివారం నెగటివ్ ముందు విప్పి, వేడినీళ్లలో వంటసోడా కలిపి పాత టూత్‌బ్రష్‌తో రుద్ది, ఆరాక వాజలైన్ పూసి, నెగటివ్ చివర్లో బిగించాలి.