దుబాయి టైములో హన్మకొండ పెండ్లి

పెండ్లికి రెండు కెమెరాలు, ఒక ఫోను పనిచేశాయి. అన్ని ఫొటోలూ ఒకే ఫోల్డర్‌లో వేసి టైము ప్రకారం పేర్చితే తలంబ్రాలు ముందు, జీలకర్ర బెల్లం తర్వాత వచ్చాయి. ఏదో ఒక కెమెరా గడియారం తప్పన్నమాట.

ఎంత తప్పిందో చూస్తే ఎందుకు తప్పిందో చాలావరకు తెలిసిపోతుంది. జగిత్యాల, కరీంనగర్ దిక్కు గల్ఫ్ నుంచి వచ్చిన కెమెరాలు తక్కువేం కాదు. దుబాయి టైము మార్చకుండా వాడితే మనకంటే గంటన్నర వెనక, సౌదీదైతే రెండున్నర గంటలు. సరిగ్గా 12 గంటల తేడా ఉంటే ఏఎం, పీఎం తారుమారు. ఏండ్ల తేడా వస్తే లోపలి చిన్న బ్యాటరీ దిగిపోయి గడియారం మొదటికి పోయింది. ఒకటి రెండు నిమిషాలైతే మెల్లగా జారిందంతే.

ఫొటోకొక టైము చేత్తో కొట్టొద్దు. అన్ని కెమెరాలకూ దొరికిన ఒక్క క్షణం పట్టుకోండి. జీలకర్ర బెల్లం పెట్టే క్షణాన్ని ఎవరూ వదలరు కాబట్టి అదే మేలు. నెట్‌వర్క్ టైము తీసుకునే ఫోను ఫొటోలో 10:42:15, కెమెరా ఫొటోలో 9:11:50 ఉంటే తేడా 1:30:25. గంటన్నర దుబాయిది, 25 సెకండ్లు జారుడు. ముందే తెలివి చేస్తే ఇంకా సులువు: పని మొదట్లో, చివర్లో ఫోనులో సెకండ్లు చూపే గడియారాన్ని ప్రతి కెమెరాతో ఒక ఫొటో తీసుకోవాలి.

ఫొటోలు సర్దే సాఫ్ట్‌వేర్ లైట్‌రూమ్ క్లాసిక్‌లో ఆ కెమెరా ఫొటోలు మాత్రమే ఎంచుకోండి. రెండూ ఒకే మోడల్ అయితే సీరియల్ నంబరుతో విడదీయాలి. మెటాడేటా మెనూలో ఎడిట్ క్యాప్చర్ టైమ్‌కు పోయి, అక్కడ కనబడే ఫొటోకు సరైన టైము ఇస్తే మిగతావన్నీ అంతే తేడాతో జరుగుతాయి. అయితే ఈ మార్పు ముందు క్యాటలాగ్‌లోనే, అంటే లైట్‌రూమ్ సొంత చిట్టాలోనే ఉంటుంది. ఫైల్‌కు సేవ్ చేయకపోతే వేరే సాఫ్ట్‌వేర్‌కు పాత టైమే కనబడుతుంది. ఉచితంగా కావాలంటే ఎగ్జిఫ్‌టూల్ అనే ప్రోగ్రాం ఉంది, ఒక్క వరుస ఆదేశంతో ఫోల్డర్ మొత్తం జరుపుతుంది. పాత ఫైళ్లను పేరు చివర 'ఒరిజినల్' అని చేర్చి పక్కన ఉంచుతుంది, సరిచూసేదాకా వాటిని తీసేయకండి. పని అయిందో లేదో అనుమానంతో అదే ఆదేశం మళ్లీ కొడితే ఇంకో గంటన్నర ముందుకు పోతాయి. ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. ఫైళ్లకు తేదీ, టైముతో పేర్లు పెట్టే పని కూడా సవరణ అయ్యాకే.

ఫొటో ఫైల్‌లోనే కెమెరా రాసిపెట్టే వివరాలను ఎగ్జిఫ్ అంటారు. అందులో చూడాల్సిన గడి డేట్ టైమ్ ఒరిజినల్, అంటే షట్టర్ పడిన టైము. విండోస్‌లో 'డేట్ టేకెన్' వరుస చూడండి. 'డేట్ మాడిఫైడ్' ఎడిట్ చేసినప్పుడల్లా మారుతుంది, దాన్ని నమ్మలేం. ఎగ్జిఫ్‌లో టైమ్ జోన్‌కు వేరే గడి 2016 నాటి 2.31 వెర్షన్‌తోనే వచ్చింది, కాబట్టి పాత కెమెరాల ఫొటోల్లో అది ఖాళీ.

వీడియోల సంగతి వేరు. ఫోన్లు ఎంపీ4 వీడియో ఫైల్‌లో టైమును సాధారణంగా యూటీసీలో, అంటే మనకంటే అయిదున్నర గంటలు వెనక ఉండే ప్రపంచ ప్రామాణిక టైములో రాస్తాయి. తెల్లవారుజాము 3 గంటల ముహూర్తం వీడియో కొన్ని సాఫ్ట్‌వేర్లలో ముందురోజు రాత్రి 9:30గా కనబడేది అందుకే. కొన్ని కెమెరాలు మాత్రం స్థానిక టైమే రాస్తాయి. జరిపే ముందు ఒక్కో పరికరం నుంచి ఒక్కో వీడియో తెరిచి చూడండి.

వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫొటోలో ఎగ్జిఫ్ ఉండదు. ఫైల్ పేరులోని తేదీ తీసిన రోజుది కాదు. 2024 మేడారం జాతరలో సమ్మక్క గద్దెకు చేరింది ఫిబ్రవరి 22న. ఆ ఫొటో చుట్టాలు మార్చిలో పంపితే పేరులో మార్చే ఉంటుంది. డాక్యుమెంట్‌గా పంపమని అడగండి, టైము చెక్కుచెదరదు.

పాత ఆల్బమ్ స్కాన్ చేస్తే స్కాన్ తేదీ డిజిటైజ్డ్ గడిలో, ఫొటో దిగిన తేదీ ఒరిజినల్ గడిలో ఉండాలి. ఏడాది మాత్రమే తెలిస్తే జనవరి 1 వేసి, రోజు తెలియదని క్యాప్షన్‌లో రాయండి. లేదంటే రేపు పిల్లలు అది కొత్త సంవత్సరం ఫొటో అనుకుంటారు.