రెండు కాపీలూ ఒకే సొరుగులో

2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక ఇచ్చారని తెలిసేసరికి మా లంకలో సగం ఇళ్ల వాళ్లు సామాన్లు అటకల మీదికి ఎక్కించేస్తున్నారు. మా ఊరు కోనసీమలో పి.గన్నవరం వైపు, గోదారి పాయల మధ్య లంక. ఏటా వరద చూసే ఊరే కాబట్టి ఏది ముందు ఎత్తాలో అందరికీ తెలుసు. బియ్యం బస్తాలు, గ్యాస్ బండ, పొలం పాస్‌బుక్కులున్న ట్రంకు పెట్టె, పెళ్లి ఆల్బమ్. ఆ ఏడు బ్యారేజీ దగ్గర ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటింది. ఇంట్లోకి నడుము లోతు నీళ్లు వచ్చాయి. మేం పడవ ఎక్కి గట్టు మీదికి వెళ్లిపోయాం.

తిరిగొచ్చాక బీరువా తెరిస్తే కింది సొరుగు నిండా ఒండ్రు. ఆ బురదలోనే మా రెండు హార్డ్ డిస్కులూ ఉన్నాయి. ఒకటి పోతే ఇంకోటి ఉంటుందని 2019లో మా ఆయన రెండోది కొన్నారు. ప్రతి ఫొటో రెండింటిలోనూ పెట్టేవాళ్లం. బ్యాకప్ ఉందనే ధీమాతోనే ఆ సొరుగు ఖాళీ చేయాలని మాకు తట్టలేదు.

తర్వాత నేను చేసిన తప్పు ఇంకొకరు చేయకూడదని వివరంగా చెబుతున్నాను. డిస్కులు కడిగి, గుడ్డతో తుడిచి, మేడ మీద రెండు రోజులు ఎండబెట్టి, ల్యాప్‌టాప్‌కి తగిలించాను. ఒకటి టిక్కు టిక్కుమని కొట్టుకుని ఆగిపోయింది. రెండోది అసలు తిరగలేదు. మామూలు హార్డ్ డిస్కుకి గాలి కోసం చిన్న రంధ్రం ఉంటుందని, దాన్లోంచి నీళ్లు లోపలికి పోతాయని, లోపల పళ్లేల మీద ఎండిన బురద ఉండగా కరెంటు ఇస్తే చదివే ముల్లు ఆ పళ్లేల్ని గీరేస్తుందని రికవరీ చేసే అబ్బాయి తర్వాత చెప్పాడు. తడిసిన డిస్కుని ఎండబెట్టకుండా, కరెంటు ఇవ్వకుండా, గాలి చొరని సంచీలో పెట్టి నేరుగా రికవరీ వాళ్లకి ఇవ్వాలి. రెండోదాన్లోంచి ఆ అబ్బాయి కొంత బయటికి తీశాడు. ఫోల్డర్ల పేర్లు లేవు, తేదీలు లేవు, సగం ఫొటోలు బూడిద రంగు పట్టీలు. దానికే చాలా డబ్బయింది.

అత్తయ్య పోయి అప్పటికి మూడేళ్లు. ఆవిడ మంగళహారతి పాడుతుంటే ఫోన్లో రికార్డు చేసిన ఇరవై రెండు నిమిషాల ఫైల్ ఆ డిస్కుల్లోనే ఉండేది. అది దొరకలేదు.

ఆ ఏడు దసరాకి వదిన హైదరాబాద్ నుంచి వచ్చినప్పుడు ఇద్దరం కూర్చుని అందరి ఫోన్లు, పాత పెన్ డ్రైవులు, సీడీలు ముందేసుకున్నాం. రికవరీ అబ్బాయి ఇచ్చిందీ, చుట్టాల దగ్గర అడిగి తెచ్చిందీ, మా ఫోన్లలో ఉన్నదీ కలిపితే దాదాపు 1.1 టీబీ తేలింది. అందులో సినిమాలూ పాటలే సగం. వాటిని పక్కన పెట్టేశాం, కావాలంటే ఎక్కడైనా దొరుకుతాయి. ఒకే ఫొటో నాలుగు చోట్ల ఉన్నవి తీసేశాం. మిగిలింది 400 జీబీ. అందులోంచి మళ్లీ దొరకనివే దొరకనివి ఏరితే 90 జీబీ. పెళ్లిళ్లు, పిల్లల మొదటి నడక, కనుమ నాడు జగ్గన్నతోట తీర్థంలో మామయ్య గారు ప్రభ మోస్తున్న వీడియో, పొలం కాగితాల స్కాన్లు. ఈ ఏరుకోవడానికి మూడు నెలలు పట్టింది. అన్నిటికంటే కష్టం ఇదే, కానీ ఇది అయ్యాకే ఏం కొనాలో తెలిసింది. ముందే కొని ఉంటే సినిమాలు దాచుకోవడానికి డబ్బు పోసేవాళ్లం.

వదిన కొడుకు సాఫ్ట్‌వేర్‌లో ఉన్నాడు. "అత్తా, రెండు డిస్కులు పట్టే నాస్ పెట్టి రెయిడ్ చెయ్యి, ఒకటి పోయినా రెండోది నడుస్తుంది" అన్నాడు. నాస్ అంటే ఇంట్లో రోజంతా నడిచే డిస్కుల పెట్టె, రెయిడ్ అంటే రెండు డిస్కుల్లోనూ ఒకటే ఒకేసారి రాసుకునే ఏర్పాటు. బాగానే ఉందనిపించింది, కానీ ఆలోచిస్తే అది మళ్లీ ఒకే సొరుగు. డిస్కు చెడిపోతే రెయిడ్ కాపాడుతుంది. పొరపాటున ఫోల్డర్ డిలీట్ చేస్తే రెండు డిస్కుల్లోనూ ఒకేసారి పోతుంది. నీళ్లొస్తే రెండూ మునుగుతాయి. పైగా మా దగ్గర గాలివానకి కరెంటు పదిసార్లు పోయి వస్తుంది. రోజంతా నడిచే పెట్టె మాకు వద్దన్నాను. తిరిగే పళ్లేలు లేకుండా చిప్పుల్లో దాచే ఎస్‌ఎస్‌డీ కూడా వద్దనుకున్నాం. ఏళ్ల తరబడి కరెంటు లేకుండా పెట్టెలో పడుంటే అందులో దాచింది చెరిగిపోయే అవకాశం ఉంది. రోజూ వాడే ల్యాప్‌టాప్‌కి అది మంచిదే, దాచి పెట్టడానికి మామూలు హార్డ్ డిస్కే నయం.

ఫొటోగ్రాఫర్లు 3-2-1 అని ఒక పద్ధతి చెబుతారు. మూడు కాపీలు, రెండు రకాల సాధనాల మీద, ఒకటి వేరే ఊళ్లో. వేరే ఊరు అన్న మాట దగ్గర నేను ఆగిపోయాను. మాకు వేరే ఊరు అంటే అమలాపురం కాదు, ఏటి పక్కన ఉన్నదీ కాదు. ఒక తుఫానుకి కోనసీమ అంతా ఒకేసారి దెబ్బతింటుందని 1996 నవంబర్ చూసిన వాళ్లకి చెప్పక్కర్లేదు. అందుకే ఒక డిస్కు హైదరాబాద్‌లో వదిన ఇంట్లో ఉండాలని తేల్చుకున్నాం.

అలా 1 టీబీ డిస్కులు రెండు, వేర్వేరు కంపెనీలవి కొన్నాం. ఒకే రోజు ఒకే కంపెనీవి కొంటే రెంటికీ ఒకే లోపం ఉండొచ్చని అలా చేశాం. 1 టీబీ అని కొన్నది కంప్యూటర్‌లో 931 జీబీ చూపిస్తే మోసపోయామని మామయ్య గారు కంగారు పడ్డారు. మోసం లేదు, కంపెనీ వెయ్యితో లెక్క కడుతుంది, విండోస్ 1024తో లెక్క కడుతుంది. వదిన వాళ్లది మ్యాక్, మాది విండోస్, అందుకని రెండింటిలోనూ చదవడానికీ రాయడానికీ వీలుగా ఎక్స్‌ఫ్యాట్‌లో ఫార్మాట్ చేశాం.

తాళం సంగతి మీద చాలా రోజులు తర్జనభర్జన పడ్డాం. డిస్కు మొత్తానికి పాస్‌వర్డ్ పెడితే దొంగకి అందదు నిజమే, కానీ రేపు నేను లేకపోతే పిల్లలకీ అందదు. చివరికి పొలం కాగితాలు, ఆధార్, బ్యాంకు కాగితాలు మాత్రం వెరాక్రిప్ట్‌తో ఒక తాళం పెట్టెలాంటి ఫైల్‌లో పెట్టాం. ఫొటోలకి తాళం లేదు. పాస్‌వర్డ్ కాగితం మీద రాసి ఒకటి మా ట్రంకు పెట్టెలో, ఇంకొకటి వదిన బీరువాలో ఉంచాం.

ఆ 90 జీబీ గూగుల్‌లో కూడా పెట్టాం. ఉచితంగా ఇచ్చే 15 జీబీలోనే మెయిల్, డ్రైవ్, ఫొటోలు అన్నీ సర్దుకోవాలి కాబట్టి నెలకి 130 రూపాయల 100 జీబీ ప్లాన్ తీసుకున్నాను. మా లైన్‌లో అప్‌లోడ్ 10 ఎంబీపీఎస్, లెక్క ప్రకారం ఇరవై గంటల పని. కరెంటు కోతల మధ్య తొమ్మిది రాత్రులు పట్టింది. ఫొటోలు ఒరిజినల్ క్వాలిటీలో వెళ్తున్నాయో లేదో సెట్టింగ్ చూసుకోండి, స్టోరేజ్ సేవర్ అని ఉంటే వీడియోలు కుదించేస్తుంది. ఇంకొకటి, ఫొటోస్ యాప్‌లో ఒక ఫొటో తీసేస్తే అది క్లౌడ్‌లోంచీ పోతుంది, చెత్తబుట్టలో 60 రోజులే ఉంటుంది. మా చిన్నవాడు ఫోన్లో చోటు లేదని ఒకసారి రెండు వందల ఫొటోలు తీసేశాడు. వాటిని డిస్కులోంచి వెనక్కి తెచ్చుకున్నాం. క్లౌడ్ ఉంది కదా అని డిస్కు మానేసి ఉంటే ఏమయ్యేదో.

అటక మీద ఉన్న వీడియో క్యాసెట్లకి వరద తగల్లేదు గానీ, తేమకి టేపు మీద తెల్లగా బూజు పట్టింది. అలాంటిది వీసీఆర్‌లో పెడితే బూజు హెడ్‌కి అంటుకుని తర్వాతి క్యాసెట్‌నీ పాడు చేస్తుంది. అమలాపురంలో పాతకాలం పెళ్లి వీడియోలు తీసిన ఒకాయన ఓపిగ్గా శుభ్రం చేసి, వీసీఆర్ నుంచి ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించి పెట్టారు. మూడు గంటల క్యాసెట్‌కి మూడు గంటలూ పడుతుంది, దీనికి దగ్గర దారి లేదు. వదిన పెళ్లి క్యాసెట్‌లో వంటశాల దగ్గర అత్తయ్య ఎవరినో కేకేస్తున్న గొంతు వినపడింది. మామయ్య గారు అక్కడ ఆపమన్నారు. మళ్లీ వేయమన్నారు.

ఇప్పుడు ఏడాదికి రెండుసార్లు, సంక్రాంతికీ దసరాకీ, డిస్కులు మారతాయి. వదిన పాతది తెస్తుంది, నేను కొత్తగా నింపినది ఇస్తాను, పూతరేకుల డబ్బాతో పాటు అదీ సంచీలో పెట్టుకుని రైలెక్కుతుంది. మా ఇంట్లో ఉండేది సిలికా జెల్ పొట్లాలతో మూత గట్టిగా పట్టే డబ్బాలో, మేడ గదిలో ఉంటుంది. మారే రోజు క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫోలో డిస్కు ఆరోగ్యం చూస్తాను. కాపీ అయ్యాక రెండింటి చెక్‌సమ్‌లూ, అంటే ఫైల్‌లో ఒక్క అక్షరం మారినా మారిపోయే గుర్తు సంఖ్యలు, సరిపోల్చుతాను. తర్వాత ఏవో పది ఫైళ్లు తెరిచి చూస్తాను.

వాటిలో మొదటిది ఎప్పుడూ ఒకటే. వదిన పాత వాట్సాప్‌లో ఎప్పుడో పంపిన నలభై సెకన్ల ముక్క, అత్తయ్య హారతి. ఇరవై రెండు నిమిషాల్లో మాకు మిగిలింది అదే. అటక మీద ఇంకా నాలుగు క్యాసెట్లున్నాయి. వాటిలో ఆవిడ ఎక్కడైనా పాడి ఉండొచ్చని మామయ్య గారి ఆశ. గోదారికి ఎర్రనీళ్లు రాకముందే వాటిని అమలాపురం తీసుకెళ్లాలి.