ఆటోనగర్‌లో వాక్యూమ్ చాంబర్ బేరం

శ్రీకాకుళం నుంచి రాత్రి బండెక్కి తెల్లారకముందే విజయవాడలో దిగాను. గుంటూరు దారిలో ఒక కాలేజీలో ఫిజిక్స్ లెక్చరర్లకు వర్క్‌షాప్: గవర్నమెంటు గ్రాంట్‌కి ప్రపోజల్ ఎలా రాయాలి అని. నా బ్యాగులో డ్రాఫ్ట్ సిద్ధంగా ఉంది. హై పవర్ లేజర్‌తో ప్లాస్మా ప్రయోగాలు. ప్లాస్మా అంటే పరమాణువుల నుంచి ఎలక్ట్రాన్లు ఊడిపోయిన వాయువు లాంటి స్థితి. బడ్జెట్‌లో మొదటి పద్దు లేజరే. డిగ్రీ కాలేజీకి కోట్ల లేజర్ ఎవరిస్తారయ్యా అని మా ప్రిన్సిపాల్ గారు నవ్వారు. నవ్వుతూనే సంతకం పెట్టారు, అది ఆయన మంచితనం.

నెహ్రూ బస్టాండులో టీ తాగి గుంటూరు బస్సెక్కాను. వారధి మీద నుంచి చూస్తే బ్యారేజీ దిగువన నీళ్ళకంటే ఇసుకే ఎక్కువ. పక్క సీట్లో మిర్చి యార్డుకు వెళ్తున్న ఒక పెద్దాయన. నా చేతిలో కాగితాలు చూసి ఏంటండీ అవి అన్నారు. ఈ లేజర్ ఒక్క పల్స్‌లో, అంటే ఒక్క మెరుపులో ఇచ్చే శక్తి రెండున్నర జూళ్ళండీ, పావుకిలో మిరపకాయల పొట్లాన్ని మీటరు ఎత్తు లేపటానికి సరిపోతుంది అన్నాను.

"పావుకిలో లేపటానికి అన్ని కోట్లా?"

అసలు సంగతి అక్కడే ఉంది. ఆ కాస్త శక్తినీ 25 ఫెమ్టోసెకన్లలో, అంటే సెకనులో లక్ష కోట్ల వంతులు చేస్తే అందులో నలభయ్యో వంతులో వదిలేస్తే, ఆ క్షణానికి పవర్ 100 టెరావాట్లు, అంటే వంద లక్షల కోట్ల వాట్లు. దాన్ని వెంట్రుక కంటే సన్నటి చుక్క మీదికి తెస్తే చదరపు సెంటీమీటరుకు 1 పక్కన 18 సున్నాలు పెట్టినన్ని వాట్లు దాటిపోతుంది. ఏ పదార్థమైనా ప్లాస్మా కావాల్సిందే. ఎలక్ట్రాన్లు కాంతి వేగానికి దగ్గరగా పరుగెడతాయి. పెద్దాయన అంతా విని, "మరి ఆ మిషను కాలిపోదూ?" అన్నారు. అలా కాలిపోకుండా ఉండే ఉపాయమే 1985లో మూరూ, స్ట్రిక్‌లాండ్ అనే శాస్త్రవేత్తలు కనిపెట్టింది. పల్స్‌ని ముందు సాగదీసి, శక్తి పెంచి, చివర్లో మళ్ళీ కుదిస్తారు. 2018లో దానికే నోబెల్ వచ్చింది. ఇది చెప్పేలోపే మంగళగిరి కొండ వెనక్కి పోయింది, కాజ టోల్ గేటు దగ్గర ఆయనకు కునుకు పట్టింది.

వర్క్‌షాప్‌లో మాట్లాడినాయన రిటైరైన సైంటిస్టు. పొద్దున్నంతా పథకాల పేర్లే. పరిశోధనకు గ్రాంట్లిచ్చిన కేంద్ర బోర్డు ఎస్ఈఆర్‌బీ ఇప్పుడు లేదు, 2023లో చేసిన చట్టంతో అనుసంధాన్ నేషనల్ రీసెర్చ్ ఫౌండేషన్‌లో కలిసిపోయింది. ఐదేళ్ళకు 50,000 కోట్లు అన్నారు. అందులో గవర్నమెంటు నుంచి వచ్చేది 14,000 కోట్లు. మిగతాది పరిశ్రమలు, దాతలు ఇవ్వాలట. వెంటనే లాభం కనిపించని ప్లాస్మా ఫిజిక్స్‌కి ఏ కంపెనీ చెక్కు రాస్తుందో నాకైతే నమ్మకం కుదరలేదు. ఒక కుర్రాడు లేచి, అమెరికాలో 2022 డిసెంబరులో 192 లేజర్ కిరణాలతో ఫ్యూజన్, అంటే పరమాణు కేంద్రకాలను కలిపి శక్తి రాబట్టటం, సాధించారు కదా, మనమో అని అడిగాడు. లోపలికి పంపింది 2.05 మెగాజూళ్ళు, వచ్చింది 3.15, కానీ లేజర్లు లాగిన కరెంటు దాదాపు 300 మెగాజూళ్ళు అని చెప్పి ఆయన ముందుకు వెళ్ళిపోయారు.

భోజనాల దగ్గర ఆ సైంటిస్టు గారికి నా డ్రాఫ్ట్ చూపించాను. గోంగూర కలుపుకుంటూనే చదివారు. "మాస్టారూ, లేజర్ ఎందుకు అడిగారు? ఇండోర్‌లో రాజా రామన్న సెంటర్‌లో ఉంది, ముంబైలో టాటా ఇన్‌స్టిట్యూట్‌లో ఉంది. దానికి ఏసీ గది, కంపనాలు తగలని బల్ల, నడిపే మనుషులు, ఏటేటా మెయింటెనెన్సు. మీ కాలేజీలో కరెంటు పోతే?" అన్నారు. కరెంటు పోతుందన్న మాట నిజమే. "వాళ్ళ లేజర్ దగ్గర కొన్నాళ్ళు టైము అడగండి. లేజర్ తగిలే టార్గెట్, దాన్ని ఉంచే గాలిలేని చాంబర్, కొలిచే పరికరం మీవి. అక్కడ ఎవరితో కలిసి చేస్తారో వాళ్ళ ఉత్తరం జతచేయండి. కమిటీ నమ్ముతుంది."

తర్వాత నా బడ్జెట్ పట్టుకుని కూర్చున్నారు. ప్రాజెక్టులో పనిచేసే జూనియర్ రీసెర్చ్ ఫెలోకి, అంటే జేఆర్ఎఫ్‌కి నెలకు 37,000, మూడో ఏడాది సీనియర్ అంటే ఎస్ఆర్ఎఫ్ అయితే 42,000. ఇంటద్దె కలపకుండానే మూడేళ్ళకు దాదాపు 14 లక్షలు. నేను పరికరాలకు జీఎస్టీ 5 శాతమే వేశాను. ఆ రాయితీ 2022 జులైలో తీసేశారు, 18 వేయండి అన్నారు. డబ్బు దేనికి ఖర్చయిందో చూపే యుటిలైజేషన్ సర్టిఫికెట్ వేళకు పంపకపోతే తర్వాతి విడత రాదని చెప్పి, ఆ టెన్షన్ ఫిజిక్స్ కంటే పెద్దదన్నారు.

సాయంత్రం బండికి ఇంకా టైముంది. బెంజి సర్కిల్‌లో దిగి ఆటోలో ఆటోనగర్ వెళ్ళాను. లారీ బాడీలు కట్టే షెడ్ల మధ్య ఒక లేత్ వర్క్‌షాపులో చాంబర్ బొమ్మ చూపించాను. స్టెయిన్‌లెస్ స్టీలు డబ్బా, చుట్టూ గొట్టాలు బిగించే ఫ్లాంజ్‌లు, లోపల గాలి అస్సలు ఉండకూడదు. మేస్త్రి కళ్ళజోడు పైకి తోసి చూసి, "304 గ్రేడే కదండీ? ఆర్గాన్ వెల్డింగ్ లోపలి వైపు కొట్టాలి, బయట కొడితే సందులో గాలి ఉండిపోద్ది" అన్నాడు. వాక్యూమ్ పుస్తకాల్లో రాసేదీ ఇదే. గాలి సందులో చిక్కుకుంటే పంపు రోజంతా తిరిగినా పీడనం దిగదు. ఆ వెనకే ఒక కుర్రాడు ప్లాస్మా కట్టర్‌తో రేకు కోస్తున్నాడు. ప్లాస్మాతో పొద్దున్నుంచీ రాత్రి దాకా పనిచేసేవాళ్ళు మన ఊళ్ళలో ఇంతమంది ఉన్నారు, ఒక్కరినీ సెమినార్‌కి పిలవం.

"లీకు రాదుగా అన్నా?"

"వెల్డింగ్ గ్యారంటీ సార్. హీలియం టెస్టు మా దగ్గర లేదు, అది మీరే చేయించుకోవాలి."

కొటేషన్ లెటర్‌హెడ్ మీద, జీఎస్టీ నంబరుతో కావాలన్నాను. బిల్లు లేకుండా అయితే తగ్గిస్తానన్నాడు. గవర్నమెంటు డబ్బు అన్నా, బిల్లు లేకపోతే నా జీతంలోంచి పోద్ది అంటే నవ్వి, వాట్సాప్ నంబరిచ్చాడు.

రాత్రి బండిలో పై బెర్తు మీద లైటేసుకుని డ్రాఫ్ట్ తీశాను. లేజర్ పద్దు కొట్టేశాను. చాంబర్, కొలతలకు స్పెక్ట్రోమీటర్, హీలియం లీక్ టెస్టు రాసి, ఇండోర్ ప్రయాణాల కోసం ట్రావెల్ పద్దు పెంచాను. మొత్తం నాలుగో వంతుకు దిగింది. ఈసారి ప్రిన్సిపాల్ గారు నవ్వరనుకుంటాను.